కిటికీ అవతల చెయ్యి

పరీక్ష మొదలయ్యే ముందు ల్యాప్‌టాప్ గది చూపించమని అడుగుతుంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి, నాలుగు గోడలూ, బల్ల కిందా, పైకప్పూ నిదానంగా తిప్పి చూపించాలి. నిన్న ఉదయం నేను అలాగే తిప్పాను. తలుపు, దుప్పటి కప్పిన పుస్తకాల గూడు, ఆపేసిన టీవీ, చివరికి కిటికీ. కిటికీ అవతల వసారా, అందులో ఖాళీ కుర్చీ. అన్నీ తెర మీద కనిపించాయి. తర్వాత ఒక వాక్యం వచ్చింది: గదిలో నేను తప్ప మరెవరూ లేరు. పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి.

డిసెంబరులోనూ ఇదే గడిలో టిక్కు పెట్టాను. అప్పుడూ అది నిజమే. ఆయన గదిలో లేరు, వసారాలో ఉన్నారు. నిన్న మాత్రం ఆ గడి దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో గడియారం చూసుకోలేదు. గడియారం చూసుకోకపోవడం నాకు అలవాటు లేని పని.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్లూ నోటితో అనలేదు, ఇప్పుడు కాగితం మీద పెట్టను. నా భర్త అంటే చాలు.

హిందీ మాట్లాడే ఈ ఊళ్లో, ఉక్కు ప్లాంటులో ఆయనది క్రేన్ కింద నిలబడే పని. పైన గాజు కేబిన్లో కూర్చున్న డ్రైవరుకు కింద ఏం జరుగుతోందో సగం కనబడదు, ఆ మోతలో ఏమీ వినబడదు. అందుకని కింద ఒక మనిషి నిలబడి చేతులతో చెబుతాడు. చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. ఒక చెయ్యి మీద రెండో అరచెయ్యి కదలకుండా ఉంచితే మెల్లగా. చెయ్యి చాచి అడ్డంగా ఊపితే ఆపు. పైనున్నవాడు అద్దంలోంచి అరచెయ్యి ఎత్తి చూపిస్తాడు. అంటే అందిందని. అది చూడకుండా కిందివాడు రెండో సైగ చెయ్యడు.

ఇవన్నీ నేను ప్లాంటులో నేర్చుకోలేదు, వంటింట్లో నేర్చుకున్నాను. పప్పు వడ్డిస్తుంటే ఆయన నోరు విప్పేవారు కాదు. వేలు కిందికి తిరుగుతూ ఉంటే వెయ్యాలి, అరచెయ్యి వచ్చి పైన కూర్చుంటే మెల్లగా వెయ్యాలి, చెయ్యి అడ్డంగా ఊగిందంటే ఇంకొక్క మెతుకు పడినా ముఖం చిట్లించేవారు. దోమతెర కట్టినా, బీరువా జరిపినా అంతే. ప్రతి సైగకూ నేను అరచెయ్యి ఎత్తి చూపించాల్సిందే. పెళ్లయిన కొత్తలో, నోరుందిగా, చెప్పొచ్చుగా అని అడిగాను. ఆయన చెప్పిన జవాబు మా ఇంట్లో ఇప్పటికీ అందరికీ వచ్చు.

"కేబిన్లో ఉన్నోడికి నీ నోరు ఇనబడదే. నీ సెయ్యే ఇనబడాల."

ఆయన లెక్కలో లోకంలో చాలామంది కేబిన్లో ఉన్నారు. బ్యాంకులో అద్దం వెనక కూర్చునే గుమస్తా, మమ్మల్ని చూసి కూడా ఆపకుండా పోయే ఆటోవాడు, ఫోన్లో మాట్లాడుతూ మన మాటకు ఊఁ కొట్టే కొడుకు. మా ఊరి పవర్ హౌస్ బజారులో లారీ వెనక్కి వస్తుంటే ఎవరూ అడగకుండానే దాని వెనక నిలబడేవారు. వినాయకుణ్ణి నిమజ్జనానికి ఎక్కించేటప్పుడు మా ఖుర్సీపార్ పేట కుర్రాళ్లు ఆయన కోసం మా ఇంటికి వచ్చేవారు. అంతమంది అరుస్తూ ఉంటే మధ్యలో ఈయన ఒక్కరే మౌనంగా వేలు తిప్పుతూ ఉండేవారు. విగ్రహం లారీ మీద చప్పుడు లేకుండా కూర్చునేది.

గుళ్లో కూడా ఆయన దణ్ణం పెట్టేవారు కాదు. నడుము ముందు రెండు చేతులూ ఒకదానిలో ఒకటి కలిపి, గట్టిగా పట్టుకుని నిలబడేవారు. చూసేవాళ్లకు ఏదో వినయంగా నిలబడ్డట్టు ఉండేది. అది కూడా సైగేనని నాకొక్కదానికే తెలుసు. కిందివాడు అన్నానికో, షిఫ్టు మారడానికో వెళ్లేటప్పుడు పైవాడికి చేసే సైగ అది. నేను తిరిగి వచ్చేదాకా ఏదీ కదపకు అని దాని అర్థం. దేవుడికి అలా చెబుతారా అంటే, ఆడు కూడా పైన కేబిన్లోనే కదా అనేవారు.

సైగల్లో ఇంకొక నియమం ఉంది. ఎత్తు, దించు, జరుపు అనేవి ఆ పని మీద ఉన్న ఒక్క మనిషే చెప్పాలి, డ్రైవరు ఇంకెవరి మాటా వినకూడదు. ఆపు అన్నది మాత్రం ఎవరైనా చెప్పవచ్చు. దారినపోయేవాడు చెయ్యి ఊపినా క్రేన్ ఆగాలి. ఈ నియమమంటే ఆయనకు మహా గౌరవం. మా ఇద్దరికీ మాటా మాటా పెరిగినప్పుడు ఎవరో ఒకరం చెయ్యి అడ్డంగా ఊపేవాళ్లం. రెండోవాళ్లు అక్కడికి ఆగాల్సిందే. ఆగేవాళ్లం.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఖుర్సీపార్‌లో ఒక చిన్న తెలుగు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పాను. ఇంటర్ దగ్గర ఆగిపోయిన చదువుతోనే చెప్పాను. సుమారుగా, దాదాపుగా అనే మాటలు నాకు గిట్టవు. జవాబు ఒక్కటే ఉంటుంది కాబట్టే లెక్కలంటే ఇష్టం. బడి మానేశాక, వయసు మీద పడ్డాక, దూరవిద్యలో లెక్కల డిగ్రీకి కట్టాను. ఎందుకని అందరూ అడిగారు, ఆయన తప్ప. ఆయన కిరాణా కొట్లో కూడా మా ఆవిడ పరీచ్చలు రాస్తన్నాది అని చెప్పుకున్నారు. ఒక్కొక్క పేపరే గట్టెక్కుతూ చివరి పేపరుకు వచ్చాను. ఆ చివరిది ఇంట్లో కూర్చుని, సొంత ల్యాప్‌టాప్ మీదే రాయాలని నియమం పెట్టారు.

రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చేసింది. ఒక ఆదివారం వచ్చి అందులో పరీక్ష సాఫ్ట్‌వేర్ పెట్టింది. మొదట అది పనిచెయ్యనని మొండికేసింది. రాయ్‌పూర్ నుంచే నా ల్యాప్‌టాప్ చూసి బాగుచెయ్యడానికి ఆ పిల్ల అందులో ఇంకేదో పెట్టిందట, అది ఉన్నంతవరకూ ఇది తెరుచుకోదట. తీసేశాక తెరుచుకుంది. తెర నిండా అదే. పక్కకు పోవడానికి దారి లేదు, మూసెయ్యడానికి గుర్తు లేదు. పిల్ల నియమాలు చదివి చెప్పింది. ముఖం ఎప్పుడూ కెమెరాలో ఉండాలి. పెదవులు కదపకూడదు. చూపు తెర మీదో, చిత్తు కాగితం మీదో ఉండాలి. పరీక్షకు ముందు చెవులు కూడా చూపించాలి, ఏమీ పెట్టుకోలేదని.

ప్లాంటు మోతకు సగం పోయిన చెవులు ఆయనవి. "నా సెవులు సూపిత్తే ఆడు నవ్వుకుంటాడు," అన్నారు.

"తాతా, యే మజాక్ నహీఁ హై," అంది పిల్ల. "నానమ్మా, మూడు వార్నింగులే. మూడోది వస్తే పేపర్ అపనే ఆప్ బంద్ అయిపోతుంది. ఫిర్ ఖతమ్."

ఆయనకు ఆ సాఫ్ట్‌వేర్ మీద గౌరవం కలిగింది. మిగతా దారులన్నీ మూసి ఒక్క పనే చేయించడం ఆయనకు తెలిసిన విషయమే. ప్లాంటులో ఒక యంత్రాన్ని విప్పాలంటే ముందు దానికి వచ్చే కరెంటు ఆపి, తాళం వేసి, ఎర్ర గుడ్డ కడతారు. ఆ గుడ్డ విప్పేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు. పరీక్ష రోజు తెల్లవారేసరికి మా గేటుకు ఎర్ర గుడ్డ వేలాడుతోంది. నా పాత రవికె చింపి కట్టారు. పాలవాడు దాన్ని చూసి, లోపల ఎవరికి ఏమైందని కంగారుపడి అడిగాడు.

ఆయన వసారాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. కిటికీకి అవతల. గదిలో కాదు.

సంభావ్యత లెక్క ఒకటి నన్ను పట్టేసింది. జవాబు విలువ ఒకటిని దాటిపోతోంది. అలా రావడానికి వీల్లేదు. ఎక్కడో కూడికలో పొరపాటు పడిందని తెలుస్తూనే ఉంది, దొరకడం లేదు. కలం వేగం పెరిగింది. కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. ఆయన అద్దంలోంచి నా చెయ్యే చూస్తున్నారని నాకు తెలియదు. ఏదో కదిలినట్టయి తలెత్తాను. ఆయన లేచి నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి మీద రెండో అరచెయ్యి. మెల్లగా.

నా చెయ్యి దానంతట అదే లేచింది. అందింది.

చూపు పక్కకు పోయినందుకు ఒకటి, చేత్తో సైగ చేసినందుకు ఒకటి, రెండు హెచ్చరికలు వెంటవెంటనే వచ్చాయి. వాటి వెనక ఒక మనిషి గొంతు. ఎక్కడో కూర్చుని మమ్మల్ని చూసే పరీక్ష అధికారి.

"మేడమ్, సామ్‌నే కౌన్ హై?"

ఎదురుగా ఉన్నది మా ఆయన అని, బయట ఉన్నారని చెప్పాను. చేతులతో ఏం చెబుతున్నారని అడిగాడు. మెల్లగా రాయమంటున్నారని చెప్పాను. ఉన్నది చెబుతున్నప్పుడు కూడా కొన్ని మాటలు అబద్ధాల్లా వినబడతాయి.

కిటికీ అవతల ఆయనకు మా మాటలేవీ వినబడలేదు. నా పెదవులు కదలడం, ముఖం మారడం మాత్రం కనబడింది. పైన వేలాడుతున్న బరువు ఊగిపోతోందని ఆయన అనుకున్నారు. అప్పుడు ఏం చెయ్యాలో ఆయనకు తెలిసింది ఒక్కటే. ఆపు అన్నది ఎవరైనా చెప్పవచ్చు. చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి వచ్చి, నా వెనక నిటారుగా నిలబడి, ల్యాప్‌టాప్ నెత్తిన మిరియం గింజంత ఉన్న ఆ కెమెరా కంట్లోకి సూటిగా చూస్తూ చెయ్యి చాచి అడ్డంగా ఊపారు. తొందరపడకుండా, కేబిన్లో ఉన్నవాడికి స్పష్టంగా కనబడేలా.

మూడోది వచ్చింది. పేపరు మూసుకుపోయింది. తెర మీద మనవరాలు పెట్టుకున్న కుక్కపిల్ల బొమ్మ తిరిగి వచ్చింది.

ఆయన తృప్తిగా చెయ్యి దించారు. "ఆగినాది. సూసినావా, ఆడికి సైగ తెలుసు," అన్నారు.

నేను విషయం చెప్పేసరికి ఆయన మంచం మీద కూర్చుండిపోయారు. తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నారు. నా సెయ్యే నీ పరీచ్చని తీసేసినాది అన్నారు. అది సరి కాదు. జరిగింది జరిగినట్టు ఉండాలి. మొదటిది నా కళ్ల వల్ల వచ్చింది, రెండోది నా చేతి వల్ల వచ్చింది, మీది ఒక్కటే అన్నాను. మూడోదానికే కదా ఆడు మూసేసినాడు అన్నారు. ముందు రెండూ లేకపోతే మీది మొదటిదయ్యేది, దానికి మూసుకుపోదు అన్నాను.

"నీ లెక్కకి నానెప్పుడూ సాలనే," అని నవ్వారు.

జూన్‌లో మళ్లీ రాయడానికి అవకాశం ఇచ్చారు. ఇకమీదట తప్పు జరగకూడదని ఆయన ఒక తర్ఫీదు మొదలుపెట్టారు. నా జీవితంలో అంత సుఖమైన చలికాలం లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను సాఫ్ట్‌వేర్‌లోని నమూనా పరీక్ష తెరిచి కూర్చునేదాన్ని. అది ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, ఎన్ని తప్పులైనా చెయ్యవచ్చు. ఆయన కిటికీ అవతల ఎండలో నిలబడి సైగలు చేసేవారు. నేను చూడకూడదు, చూసినా చెయ్యి ఎత్తకూడదు. అదీ పందెం. మొదట్లో నేను ఓడిపోయాను. ఆయన వేలు ఇలా తిరగగానే నా అరచెయ్యి లేచిపోయేది. పైటకొంగుతో చేతిని కుర్చీకి కట్టుకున్నా లాభం లేకపోయింది. తర్వాత తర్వాత ఆయన దొంగ సైగలు మొదలుపెట్టారు. టీ కావాలని, చారులో ఉప్పు ఎక్కువైందని, పక్కింటావిడ కొత్త చీర కట్టి వెళుతోందని. ప్లాంటులో లేని సైగలు అప్పటికప్పుడు పుట్టించేవారు. నేను పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటుంటే, ముఖం సరిగా కనబడడం లేదని తెర మొత్తుకునేది.

ఫిబ్రవరి చివరికి నేను తలెత్తకుండా పేపరు పూర్తిచేశాను. ఆయన లోపలికి వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. తెర వంకా, నా వంకా చూశారు.

"ఇప్పుడు పని నేర్సినావు," అన్నారు. కిటికీ వైపు తిరిగి, "ఒక్కపాలైనా సూత్తావేమో అనుకున్నాను," అన్నారు.

జూన్ పరీక్షనాడు తాను ఇంట్లోనే ఉండనని ముందే చెప్పేశారు. గేటుకు గుడ్డ కట్టేసి, పవర్ హౌస్ స్టేషన్‌కు పోయి బెంచీ మీద కూర్చుంటారట. వచ్చే పోయే రైళ్లు చూసుకుంటూ, ఇంటివైపు వీపు పెట్టి.

మార్చిలో ఆయన గుండె ఆగి ఆగి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో అద్దాల గదిలో ఉంచారు. మేము బయటినుంచి చూడాలి. ముక్కూ నోరూ కప్పేసి గొట్టాలు పెట్టారు. ఒక సాయంత్రం నేను ఆ అద్దం దగ్గర నిలబడి ఉండగా ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. చేతులు మెల్లగా కదిలాయి. ఒకదాన్ని ఒకటి వెతుక్కుని, పొట్ట మీదికి వచ్చి కలుసుకున్నాయి. వేళ్లలో వేళ్లు చొప్పించి బిగించారు. లోపలున్న నర్సు చలేస్తోందేమో అనుకుని దుప్పటి పైకి లాగింది.

నేను వచ్చేదాకా ఏదీ కదపకు.

నా ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో ఎక్స్‌రేల కవరు. కింద పెట్టి చెయ్యి ఎత్తేలోగా నర్సు తెర లాగేసింది. తెర మళ్లీ తీసేసరికి ఆయనకు తెలివి లేదు. ఆ తర్వాత రాలేదు.

అందిందని నేను చూపించలేదు. చూపించందే ఆయన రెండో సైగ చెయ్యరు. ఈ మూడు నెలలూ నాకు ఇదొక్కటే. పోయారన్న దుఃఖం అందరితో పంచుకున్నాను, ఇది పంచుకోవడానికి ఎవరూ లేరు. వసారాలో కుర్చీ జరపలేదు. గోడకున్న ఆయన చొక్కా తియ్యలేదు. కోడలు రెండుసార్లు తియ్యబోయింది, నేను చెయ్యి అడ్డంగా ఊపాను. పాపం ఆ పిల్లకు ఆ సైగ తెలుసు, ఆగిపోయింది.

నిన్న గేటుకు గుడ్డ నేనే కట్టాను. పరీక్ష వద్దులే నానమ్మా, డిసెంబర్‌లో రాద్దువులే అని మనవరాలు ఫోన్లో అంది. ఇంత తర్ఫీదు ఇచ్చిన మనిషి ముందు నేను ఆ మాట అనలేను.

గది చూపించాను. చెవులు చూపించాను. టిక్కు పెట్టాను. తెర నిండా ప్రశ్నలు వచ్చాయి. సగం దాటాక ఒక లెక్క కొంచెం ఏడిపించింది. కలం వేగం పెరగడం నాకే తెలిసింది. ఎవరూ చెప్పకుండానే మెల్లగా చేశాను. వచ్చింది. తలెత్తలేదు. కిటికీ నా ఎడమ భుజం పక్కనే ఉంది, ఎండ బల్ల మీదికి వస్తూనే ఉంది. చివరిదాకా చేసి, నా అలవాటు ప్రకారం మొదటినుంచి మళ్లీ సరిచూసుకున్నాను. ఎన్ని మార్కులు వస్తాయో లెక్క వేసుకున్నాను. ఆ సంఖ్య ఇక్కడ రాయను, ఫలితం వచ్చే నెల ఎలాగూ వస్తుంది.

ఒక్క హెచ్చరికా లేదు. ఇక పేపరు పంపే మీట నొక్కడమే మిగిలింది.

మూడోదానికి గానీ మూసుకుపోదు. చూపుకు ఒకటి, చేతికి ఒకటి. నాకు రెండు చాలు.

కలం మూత పెట్టాను. తల తిప్పి కిటికీలోకి చూశాను. అరచెయ్యి ఎత్తాను. ఎప్పుడూ ఎత్తేటట్టు గబుక్కున ఎత్తి దించెయ్యలేదు. అవతల ఉన్నవాళ్లకు స్పష్టంగా కనబడేలా, ఎత్తి ఉంచాను. తెర మీద ఏవో ఎర్రగా వచ్చి పోతున్నాయని ఒక పక్కనుంచి తెలుస్తూనే ఉంది. తర్వాత గొంతు వినబడింది. ఈసారి ఎవరో ఆడపిల్ల. కిటికీ దగ్గర ఎవరున్నారని మెత్తగా అడిగింది.

"మేడమ్, ఖిడ్‌కీ పర్ కౌన్ హై?"

వసారాలో కుర్చీ మీద ఎండ పడుతోంది. నేను చెయ్యి దించాను, తెర వైపు తిరిగాను.

"కోయీ నహీఁ," అన్నాను, ఎవరూ లేరని. పేపరు పంపాను.